నిప్పుతో చల్లబడే పెట్టె మొరాయిస్తే

అమెరికాలో వేసవి సెలవులు వచ్చాయంటే కారుకో ట్రక్కుకో ట్రావెల్ ట్రెయిలర్ తగిలించుకుని ఊళ్లు చూడబోయే కుటుంబాలు పెరుగుతాయి. పడకలు, పొయ్యి, స్నానాలగది, ఫ్రిజ్ అన్నీ చక్రాల మీదే ఉండే చిన్న ఇల్లు అది. అక్కడి తెలుగువాళ్లూ వాటిని అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ కేన్యన్‌కో బయల్దేరుతుంటారు. తోడుపెట్టిన పెరుగు, ఇడ్లీ పిండి, నాలుగు రోజులకు సరిపడా పాలు ఫ్రిజ్‌లో సర్దుకుంటారు. అది సరిగ్గా చల్లబడకపోతే రెండోరోజు పొద్దుటికే పెరుగు పుల్లటి వాసన కొడుతుంది, పిండి గిన్నె మీది మూత పైకి లేచి ఉంటుంది. అప్పుడు చాలామంది నోట వచ్చే మాట ఒకటే: ‘‘లోపల గ్యాస్ అయిపోయినట్టుంది, నింపించాలి.’’ ఇంట్లో ఫ్రిజ్ గురించి ఆ మాట అంటే కొంత అర్థం ఉంది. ట్రెయిలర్ ఫ్రిజ్ దగ్గర అది తప్పుదారి పట్టిస్తుంది. ఈ ఫ్రిజ్ నీరసించినప్పుడు లోపం దాని సీలు చేసిన గొట్టాల్లో ఉండటం కన్నా వెనకున్న గాలి సందులోనో, కిందున్న నేల వాటంలోనో, దాన్ని నడిపే మంటలోనో ఉండటానికే ఎక్కువ అవకాశం ఉంది. అందువల్ల వెతుకులాట బయటి నుంచి లోపలికి, పైసా ఖర్చు లేని చోటు నుంచి డబ్బు ఖర్చయ్యే చోటికి సాగాలి. అలా ఎందుకో అర్థం కావాలంటే ముందు ఆ పెట్టె ఎలా పనిచేస్తుందో తెలియాలి.

కొత్తకుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో మనకు తెలిసిందే. కుండ గోడల్లోంచి ఊరిన తడి ఆవిరవుతూ లోపలి నీళ్ల వేడిని పట్టుకుపోతుంది. ఇంటి ఫ్రిజ్ అయినా, ట్రెయిలర్ ఫ్రిజ్ అయినా చేసేది ఇదే పని. ఆవిరైనదాన్ని పట్టి మళ్లీ ద్రవంగా మార్చే పద్ధతిలోనే తేడా అంతా. ఇంట్లో ఫ్రిజ్ ఆ పనిని కంప్రెసర్ అనే పంపుతో చేస్తుంది. ట్రెయిలర్లలో ఏళ్ల తరబడి వాడుతున్న అబ్సార్ప్షన్ ఫ్రిజ్‌లో కంప్రెసర్ లేదు, దాని చోట నిప్పు ఉంది. సీలు చేసిన ఉక్కు గొట్టాల్లో అమ్మోనియా, నీరు, హైడ్రోజన్ నింపి ఉంచుతారు. అడుగున ఉన్న బాయిలర్‌ను ప్రొపేన్ మంటో, కరెంటు హీటరో వేడిచేస్తుంది. అమ్మోనియా కలిసిన నీరు మరిగినప్పుడు పుట్టే బుడగలు ఒక సన్నటి గొట్టంలోంచి ద్రవాన్ని పైకి నెట్టుకుపోతాయి. బోరు ఫ్లషింగ్ చేసేటప్పుడు లోపలికి కొట్టిన గాలి నీళ్లను పైకి చిమ్మించినట్టే ఇదీ. పైన నీరు విడిపోగా, అమ్మోనియా ఆవిరి ఫ్రిజ్ వెనక పైభాగాన ఉన్న కండెన్సర్‌లోకి వెళ్లి వేడిని బయటి గాలికి వదిలి ద్రవమవుతుంది. ఆ ద్రవం ఫ్రీజర్ గొట్టాల్లోకి జారి హైడ్రోజన్‌తో కలవగానే దాని సొంత ఒత్తిడి పడిపోయి గబగబా ఆవిరవుతుంది. ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుంటుంది. కింద కాచుకుని ఉన్న నీరు ఆ అమ్మోనియాను పీల్చుకుని మళ్లీ బాయిలర్‌కు చేరుతుంది. ఇక్కడితో ఒక చుట్టు పూర్తి.

ఈ పద్ధతిని 1922లో స్టాక్‌హోమ్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ విద్యార్థులు బాల్ట్‌సార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ మున్టర్స్ కనిపెట్టారు. 1925 నాటికి ఎలక్ట్రోలక్స్ సంస్థ వీటిని తయారుచేయడం మొదలుపెట్టింది. కదిలే భాగం ఒక్కటీ లేదు కాబట్టి చప్పుడు ఉండదు. హోటల్ గదుల్లో చిన్న ఫ్రిజ్‌లుగా ఈ రకాన్ని వాడటానికి కారణం కూడా ఆ నిశ్శబ్దమే. కానీ ఆ సుగుణంలోనే దీని బలహీనత కూడా ఉంది. పంపు లేదంటే ద్రవాన్ని బలవంతంగా తోసేవాళ్లు లేరన్నమాట. పైకి ఎక్కించేది బుడగ, కిందికి దించేది వాటం, వేడిని మోసుకెళ్లేది గాలి. ఈ మూడింటిలో ఏది నీరసించినా చల్లదనం తగ్గుతుంది. పైగా దీని సామర్థ్యమూ తక్కువే. కంప్రెసర్ ఫ్రిజ్ ఒక వాటు కరెంటు తీసుకుని అంతకు మించిన వేడిని బయటికి తోలుతుంది. ఇది ఒక వాటు వేడి తీసుకుని అందులో మూడో వంతు వేడిని కూడా లోపలి నుంచి లాగలేదు. అంటే దీని దగ్గర మిగులు బలం లేదు. ఇంటి ఫ్రిజ్ పట్టించుకోని చిన్న లోటు కూడా దీన్ని కుంగదీస్తుంది. ఆ చిన్న లోట్లనే ముందు వెతకాలనడానికి ఇదే ఆధారం.

వెతకడానికి ముందు కొలవాలి. చేత్తో తాకి ‘‘చల్లగానే ఉన్నట్టుంది’’ అనుకోవడం కొలత కాదు. గ్లాసెడు నీళ్లలో చిన్న థర్మామీటర్ వేసి మధ్య అరలో పెట్టి, తలుపు పదేపదే తీయకుండా ఒక రాత్రంతా ఉంచాలి. తలుపు తీయగానే లోపలి గాలి వేడెక్కుతుంది గానీ నీళ్లు అంత తొందరగా మారవు కాబట్టి, ఆ గ్లాసు చెప్పేదే నిజం. అమెరికా ఆహార భద్రతా సంస్థల లెక్కలో ఫ్రిజ్ 40 ఫారన్‌హీట్ డిగ్రీల లోపు, అంటే సుమారు 4 సెల్సియస్ డిగ్రీల లోపు ఉండాలి. కొలిచాక అడగాల్సిన ప్రశ్న ఒకటే: ప్రొపేన్ గ్యాస్ మీద పెట్టినప్పుడూ, కరెంటు మీద పెట్టినప్పుడూ ఒకేలా ఉందా? రెండింటికీ వేడి వచ్చే దారి వేరు, ఆ తర్వాతి గొట్టాలన్నీ ఒకటే. కరెంటు మీద బాగా చల్లబడి గ్యాస్ మీద నీరసిస్తే లోపం మంటలో ఉంది. గ్యాస్ మీద బాగుండి కరెంటు మీద నీరసిస్తే హీటర్‌లోనో వోల్టేజీలోనో ఉంది. రెండింటి మీదా నీరసంగానే ఉంటే వాటం, గాలి, తలుపు, ఉష్ణోగ్రతను పసిగట్టే సెన్సర్ చూడాలి, అవన్నీ అయ్యాకే గొట్టాల మీదికి పోవాలి. ఒక్కో పరీక్షకు ఒక రాత్రి పట్టినా, ఈ పోలిక సగం అనుమానాలను పైసా ఖర్చు లేకుండా కొట్టేస్తుంది.

మొదట వాటం. ఇల్లు కట్టేటప్పుడు స్నానాలగది నేలకు మేస్త్రీ వాటం ఇస్తాడు, నీళ్లు నిలవకుండా. ఈ ఫ్రిజ్ గొట్టాలకూ తయారీలోనే అలాంటి వాటం ఇచ్చి ఉంటారు. చాలా మోడళ్లకు, తలుపుకు ఎదురుగా నిలబడి చూస్తే ఎడమ-కుడి 3 డిగ్రీలు, ముందు-వెనక 6 డిగ్రీలు మించి ఒరగకూడదని తయారీదారులు చెబుతారు. 3 డిగ్రీలంటే రెండడుగుల పొడవులో అంగుళంపావు ఎత్తు తేడా. కంటికి పెద్దగా ఆనదు, అందుకే రసమట్టం ఫ్రీజర్ అడుగున పెట్టి చూడాలి. ‘‘రోడ్డు మీద పోతున్నప్పుడు ఎత్తుపల్లాలు ఉండవా?’’ అని ఎవరైనా అడగవచ్చు. ఉంటాయి, కానీ బండి అటూ ఇటూ ఊగుతుంటే ద్రవం ఒక మూల నిలిచిపోదు. ప్రమాదమంతా ఒరిగిన చోట గంటల తరబడి ఆపి ఉంచడంలో ఉంది. అప్పుడు బాయిలర్‌కు తిరిగి రావాల్సిన ద్రవం ఎక్కడో నిలిచిపోయి, బాయిలర్ ఎండి కాలిపోతుంది. తుప్పు పట్టకుండా నీటిలో కలిపే సోడియం క్రోమేట్ అక్కడ గడ్డకట్టి ఆ సన్నటి గొట్టాన్ని మూసేస్తుంది. ఆ తర్వాత ట్రెయిలర్‌ను ఎంత సమంగా నిలిపినా పోయిన ప్రాణం తిరిగి రాదు. ఆగగానే చక్రాల కింద దిమ్మలు పెట్టి సరిచూసుకోవడానికి పది నిమిషాలు చాలు.

తర్వాత గాలి. అన్నిటికన్నా ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది ఇదే. హీటర్ 300 వాట్లది అనుకుందాం. ఆ 300 వాట్ల వేడీ, ఫ్రిజ్ లోపలి నుంచి లాగిన వేడీ కలిసి వెనకున్న ఇరుకు సందులోంచే బయటికి పోవాలి. పక్క గోడకు కింద ఒక జాలీ ఉంటుంది, పైకప్పు మీద ఇంకోటి. కింద చల్లగాలి దూరి, గొట్టాలను తాకి వేడెక్కి, పొగగొట్టంలో పొగలా పైకి పోవాలి. ఆ దారిలో ఎక్కడ ఖాళీ ఎక్కువైనా గాలి గొట్టాలను తాకకుండా పక్క నుంచి జారిపోతుంది. కండెన్సర్ రెక్కలకూ వెనక గోడకూ మధ్య సందు అంగుళం లోపే ఉండాలన్నది తయారీదారుల సూచన. ఫ్యాక్టరీలో తొందరగా బిగించిన ట్రెయిలర్లలో అది రెండు మూడు అంగుళాలు ఉండటం, గాలిని మళ్లించాల్సిన రేకు లేకపోవడం మామూలే. గది బయటికి జరిగే స్లయిడ్‌అవుట్‌లో ఫ్రిజ్ ఉంటే పైకప్పు జాలీ కుదరక రెండోదాన్నీ పక్క గోడకే పెడతారు, వేడిగాలి మలుపు తిరగలేక పైన నిలిచిపోతుంది. బయటి జాలీ ఊడదీసి టార్చి వేసి చూస్తే పిట్టగూడు, ఎండుటాకులు, వదులైన ఇన్సులేషన్ ముక్క ఏదో ఒకటి కనిపించవచ్చు. ‘‘ఒక చిన్న ఫ్యాన్ పెట్టేస్తే సరిపోదా?’’ అంటే, 12 వోల్టుల ఫ్యాన్ మేలు చేసే మాట నిజమే, ముఖ్యంగా ఎండ మండే రోజుల్లో. కానీ గాలి దారి తప్పుతున్నప్పుడు ఫ్యాన్ ఆ తప్పుదారి గాలినే వేగంగా తోలుతుంది. ముందు రేకు, తర్వాత ఫ్యాన్. ట్రెయిలర్‌ను ఆపేటప్పుడు ఫ్రిజ్ ఉన్న గోడకు మధ్యాహ్నపు ఎండ తగలకుండా చూసుకోవడం ఈ రెండింటికన్నా చవక.

గ్యాస్ మీద మాత్రమే నీరసిస్తుంటే మంటను చూడాలి. కింది జాలీ తీస్తే రేకు డబ్బాలాంటి కప్పు, దానికి చూడటానికి ఒక చిన్న కన్నం కనిపిస్తాయి. లోపల మంట నీలంగా, నిలకడగా, చిన్నపాటి బుసతో మండుతూ బాయిలర్ గొట్టం కిందికి సూటిగా తగలాలి. పసుపు నాలుకలు ఊగుతున్నాయంటే గ్యాస్‌కు తగినంత గాలి కలవడం లేదు. దానివల్ల మసి పడుతుంది, విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్ కూడా పుడుతుంది. ఒక సీజనంతా వాడకుండా ఉంచిన ట్రెయిలర్‌లో బర్నర్ గొట్టంలో సాలీడు గూడు, మట్టి గూడు కట్టిన కందిరీగ, పైనున్న పొగగొట్టం నుంచి రాలి బర్నర్ మీద పడ్డ తుప్పు పెచ్చులు తరచూ కనిపించేవే. ఆ పొగగొట్టం లోపల తీగకు వేలాడుతూ మెలితిప్పిన ఒక రేకు ఉంటుంది. వేడి ఆవిరులు సర్రున పైకి పోకుండా బాయిలర్ దగ్గర కాసేపు తిప్పడమే దాని పని. తీగ తెగి అది జారిపోయిందంటే మంట బాగానే ఉంటుంది, వేడి మాత్రం ఆకాశానికి పోతుంది. మెత్తటి బ్రష్‌తో తుప్పు దులపవచ్చు. గ్యాస్ వచ్చే జెట్‌ను మాత్రం పిన్నుతోనో తీగతోనో కెలకకూడదు. ఆ రంధ్రం వెంట్రుకంత పెద్దదైనా మంట లెక్క తప్పుతుంది, దాన్ని ఆల్కహాల్‌లో నానబెట్టి ఆరబెట్టాలి. గ్యాస్ ఒత్తిడి నీటిమట్టం లెక్కలో 11 అంగుళాలు ఉండాలి. దాన్ని కొలిచి సరిచేయడం సర్వీసు టెక్నీషియన్ పని. ఎత్తైన ప్రదేశాల సంగతి మరొకటి. సుమారు 5,500 అడుగులు దాటితే పలచటి గాలిలో గ్యాస్ మంట బలహీనపడుతుందని, వీలైతే కరెంటుకు మార్చుకోమని తయారీదారులే చెబుతారు. గ్రాండ్ కేన్యన్ దక్షిణపు అంచు సుమారు 7,000 అడుగుల ఎత్తు, ఎల్లోస్టోన్ సరస్సు 7,700 అడుగుల పైమాటే. అక్కడ ఫ్రిజ్ నీరసిస్తే ముందు నిందించాల్సింది ఫ్రిజ్‌ను కాదు.

కరెంటు మీద నీరసమైతే క్యాంప్‌గ్రౌండ్ ప్లగ్ దగ్గర వోల్టేజీ కొలవాలి. అమెరికాలో అది 120 వోల్టులు ఉండాలి. ఎండాకాలం సాయంత్రం అన్ని ట్రెయిలర్లలోనూ ఏసీలు నడుస్తుంటే పడిపోతుంది. మన పల్లెల్లో లోవోల్టేజీ తెలిసినవాళ్లకు ఇది వింత కాదు. హీటర్ ఇచ్చే వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, 120 కాస్తా 104కు దిగితే 300 వాట్ల హీటర్ 225 వాట్లే ఇస్తుంది. పావు వంతు వేడి పోయింది. మిగులు బలం లేని యంత్రానికి అది చాలా పెద్ద లోటు. వోల్టేజీ బాగానే ఉంటే హీటర్ రెసిస్టెన్స్ కొలవాలి, కరెంటు పూర్తిగా తీసేసి, వైర్లు విడదీసి. 300 వాట్ల హీటర్‌కు సుమారు 48 ఓములు రావాలి. గ్యాస్ మీద నడిచినా కంట్రోల్ బోర్డుకు 12 వోల్టుల బ్యాటరీ కరెంటు కావాలన్నది చాలామంది మరిచే విషయం. బ్యాటరీ దిగిపోతే గ్యాస్ సిలిండర్ నిండుగా ఉన్నా ఫ్రిజ్ మంట వెలగదు.

ఇక తలుపు, లోపలి సర్దుబాటు. తలుపు రబ్బరులో ఒక డాలరు నోటు పెట్టి మూసి లాగితే పట్టు తెలియాలి. సులువుగా జారి వస్తే ఆ చోట గాలి దూరుతోంది, లోపల మంచు మందంగా పేరుకోవడానికి కారణమూ అదే. లోపలి రెక్కలకు తగిలించిన చిన్న సెన్సర్ జారిపోయినా ఫ్రిజ్ తప్పుడు లెక్కతో ఆగిపోతుంది. దాన్ని కాస్త పైకి జరిపితే చాలా మోడళ్లలో చల్లదనం పెరుగుతుంది. మన అలవాట్లూ కొంత చేటు చేస్తాయి. తీగల అరల మీద శుభ్రత కోసం ప్లాస్టిక్ షీటు పరిస్తే గాలి దిగే దారి మూసుకుపోతుంది. అప్పుడే దించిన పప్పు గిన్నెను లోపల పెడితే, అది ఇచ్చే వేడిని లాగేయడానికి ఈ ఫ్రిజ్‌కు గంటలు పడుతుంది. ప్రయాణానికి ముందురోజే ఫ్రిజ్ వేసి, ఇంట్లో చల్లబరిచిన సరుకులనే అందులోకి మార్చి, మధ్యలో గాలి ఆడే ఖాళీ వదిలితే, లోపం అనుకున్నది చాలాసార్లు లోపమే కాదని తేలుతుంది.

ఇవన్నీ సరిగా ఉండి, రెండు రకాలుగానూ చల్లబడకపోతే అప్పుడు సీలు చేసిన గొట్టాలను అనుమానించాలి. దానికీ గుర్తులున్నాయి. బాయిలర్ దగ్గర విపరీతమైన వేడి ఉండి, పైనున్న కండెన్సర్ గొట్టాలకు ఆ వేడి చేరకపోతే సన్నటి గొట్టం మూసుకుపోయినట్టు. వెనక పసుపు పొడి కనిపించినా, ఘాటైన అమ్మోనియా వాసన వచ్చినా గొట్టం పగిలినట్టు. వాసన వచ్చిందంటే పరీక్షలు కట్టిపెట్టి, ఫ్రిజ్ ఆపి, గ్యాస్ కట్టేసి, తలుపులు తీసి అందరూ బయటికి రావాలి. లోపలున్న హైడ్రోజన్ మండే వాయువు. 2006లో డొమెటిక్ కంపెనీ బాయిలర్ గొట్టంలో పగుళ్ల వల్ల మంటలు రావచ్చని 9 లక్షలకు పైగా ఫ్రిజ్‌లను రీకాల్ చేసింది. పాత ట్రెయిలర్ కొన్నవాళ్లు మోడల్ నంబరుతో రీకాల్ జాబితా చూసుకోవాల్సింది అందుకే. ఫ్రిజ్‌ను ఊడదీసి తలకిందులుగా తిప్పితే బాగవుతుందని ఒక పాత చిట్కా ఉంది. చాలాకాలం వాడక విడివిడిగా నిలిచిపోయిన ద్రవాలు ఒక్కోసారి అలా మళ్లీ కలవవచ్చు, కొందరికి పనిచేసిందనడంలో అబద్ధం లేకపోవచ్చు. కానీ మాడి గట్టిపడ్డ గడ్డ తిప్పినంత మాత్రాన కరగదు. వాటం, గాలి సరిచూడకుండా ఆ చిట్కా పాటిస్తే, బాగుపడిందీ దేనివల్లో తెలియదు, చెడిందీ దేనివల్లో తెలియదు.

‘‘ఇంత తంటా ఎందుకు, బ్యాటరీతో నడిచే కంప్రెసర్ ఫ్రిజ్ పెట్టించుకుంటే పోలేదా?’’ అన్నది బలమైన అభ్యంతరమే. కొత్త ట్రెయిలర్లలో చాలావాటికి ఇప్పుడు 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్‌లే వస్తున్నాయి. అవి తొందరగా చల్లబడతాయి, వాటానికి అంత లొంగవు. ఎప్పుడూ కరెంటు ఉన్న క్యాంప్‌గ్రౌండ్లలోనే దిగేవాళ్లకు అవే మేలు. కరెంటు లేని అడవిలో వారం రోజులు ఉండేవాళ్ల లెక్క వేరు. కంప్రెసర్‌కు పెద్ద బ్యాటరీలు, సోలార్ పలకలు కావాలి. అబ్సార్ప్షన్ ఫ్రిజ్ 9 కిలోల ప్రొపేన్ సిలిండర్‌తో, మంట ఆగకుండా మండినా పది రోజులు దాటి నడుస్తుంది. పైగా వెనకున్న గాలి దారి సరిగా లేకపోతే అదే సందులో బిగించిన కొత్త ఫ్రిజ్ కూడా వేడిలోనే పనిచేయాలి. గొట్టాల యూనిట్ మార్చాలన్నా కూలీతో కలిపి వెయ్యి డాలర్లు దాటడం మామూలే. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడం తొందరపాటే అవుతుంది.

‘‘టెక్నీషియన్‌ను పిలిస్తే అన్నీ అతనే చూసుకుంటాడు’’ అనేవాళ్లకూ చెప్పవలసింది ఉంది. గ్యాస్ ఒత్తిడి, లీకులు, బోర్డు వైర్లు అతని చేతికే వదలాలి. కానీ అతను వచ్చే ఆ ఒక్క గంటలో ఫ్రిజ్ పూర్తిగా చల్లబడదు, వేడెక్కదు. రెండు రాత్రుల గ్లాసు నీళ్ల లెక్క, గ్యాస్ మీద ఎంత, కరెంటు మీద ఎంత, ఎక్కడ ఎంత ఎత్తులో ఆపారు, వోల్టేజీ ఎంత అన్నది కాగితం మీద రాసి అతని చేతిలో పెడితే, ఊహ మీద విడిభాగాలు మార్చే అవసరం ఉండదు. అందుకే తర్వాతి ప్రయాణానికి సామాన్లు సర్దేటప్పుడు రసమట్టం, థర్మామీటర్, టార్చి మూడూ ఫ్రిజ్ పక్క సొరుగులో వేసుకోండి. అన్నీ కలిపినా ఒక పూట భోజనం ఖరీదు కూడా కావు.